గడ్డ అని చెప్పినం

రాత్రి పదకొండున్నర. అందరూ పడుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు. పొద్దున బోరబండలో క్యాన్సర్ పేషెంటు ఒకావిడ ఇంటికి హోమ్ విజిట్‌కి వెళ్తే, ఆవిడ కొడుకు గేటు దగ్గరే ఆపేశాడు, "మేడం, అమ్మకు క్యాన్సర్ అని తెల్వదు, గడ్డ అని చెప్పినం, మీ బ్యాడ్జి తీసేయండి" అని. తీసి బ్యాగులో పడేశా గానీ ఒళ్ళు మండిపోయింది.

అది చాలదన్నట్టు నొప్పి తగ్గించే మార్ఫిన్ గొడవ. పది మిల్లీగ్రాముల బిళ్ళ నాలుగ్గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకి వెయ్యమంటే, ఆమె ఏడిస్తేనే వేస్తున్నాడు, అలవాటైపోతుందట. దాంతో మలబద్ధకం రాకుండా ఇచ్చిన మందు సీలు కూడా తియ్యలేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం దెబ్బకి ఈ బిళ్ళ హాస్పిటళ్ళకే దొరకడం గగనమైపోయింది, 2014లో సవరించాక గానీ లైసెన్సుల గోల తగ్గలేదు, తీరా ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టుకుని కూడా వెయ్యకపోతే ఏమనాలి!

అతను టీ తేవడానికి పోగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "గడ్డైతే కోసి తీసేస్తరు గద బిడ్డా, ఇన్ని నెలలెందుకు?" మనం చెప్పేముందు వాళ్ళకేం తెలుసో అడగాలని మాకు నేర్పారు. "మీకేమనిపిస్తోందమ్మా?" అన్నా. "ఇది తగ్గేది కాదు. ఎదురింటామెకు ఇరవై వేలు చేబదులిచ్చిన, వానికి తెల్వదు. ఇప్పుడు చెప్తే, ఎందుకు చెప్తున్నవని ఏడుస్తడు."

నాన్న గుర్తొచ్చాడు. మేమూ అల్సర్ అనే చెప్పాం, ఫైలు మీద పేపరు అంటించింది నేనే. రేడియేషన్ దగ్గర బెంచీ మీద పక్కనాయన "మీకెక్కడ సార్ క్యాన్సర్? నాకు గొంతులో" అని అడిగేశాడట. నాన్న ఇంటికొచ్చి మాతో ఒక్క మాట అనలేదు. మూడు నెలలు మా ముందు "అల్సర్ కదా, కారం తగ్గించండి" అంటూ మజ్జిగన్నమే తిన్నాడు. బెంచీ సంగతి నాన్న పోయాక అమ్మ చెప్పింది. ఆ మూడు నెలల్లో ఎన్ని మాట్లాడుకునేవాళ్ళమో.

ఇది రాస్తుంటే ఆ అబ్బాయి మీద కోపం నిలవట్లేదు, వాడి వయసే అప్పుడు నాకు. మార్ఫిన్ విషయంలో మాత్రం ఉంది, అది పోదు.

గురువారం మళ్ళీ వెళ్ళాలి. ముందు అతన్నే బయట కూర్చోబెట్టి, అమ్మకి తెలిస్తే ఏమవుతుందని భయమో అడుగుతా. నేనుగా చెప్పను, ఆవిడ అడిగితే మాత్రం అబద్ధం చెప్పనని కూడా అంటా. పొద్దున బిళ్ళ నేనే వేశా, నేను బయల్దేరేసరికి ఆవిడ కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది.