కొంటామన్నవాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకోవడానికి పడిన పాట్లు

ఎవరి పెట్టుబడీ లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ పక్కన కట్టిన సాఫ్ట్‌వేర్‌కి డబ్బిచ్చే కస్టమర్లు దొరికారు. పీడీఎఫ్ ఇన్‌వాయిస్‌లు అందులో పడేస్తే తేదీ, నంబరు, పన్ను, మొత్తం వరుసలుగా తీసి స్ప్రెడ్‌షీట్‌లో పెడుతుంది. కట్టడం గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు: ఒక చిన్న అద్దె సర్వర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రాత్రిపూట బ్యాకప్, ఆ బ్యాకప్‌ని వేరే మెషీన్‌లోకి ఎక్కించి నిజంగా తెరుచుకుంటుందో లేదో చూసుకోవడం. కస్టమర్లను వెతకడం కాస్త కష్టం. కొంటామన్నవాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకోవడం మాత్రం తలప్రాణం తోకకి తెచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ముందు వెతుకులాట సంగతి. కొత్త ఉత్పత్తులను జనానికి పరిచయం చేసే లాంచ్ సైట్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. ప్రొడక్ట్ హంట్ లాంటి చోట్ల వచ్చి చూసేది ఎక్కువగా మనలాగే ఏదో ఒకటి కడుతున్నవాళ్లు. చప్పట్లు కొట్టి, తమ లింకు మన చేతిలో పెట్టి పోతారు. ప్రోగ్రామర్లు కూడే హ్యాకర్ న్యూస్‌లో, సొంతంగా కట్టినవి చూపించే షో హెచ్‌ఎన్ విభాగం కింద పెట్టాలంటే జనం అప్పటికప్పుడు వాడి చూడగలిగే వస్తువు ఉండాలి. ఈమెయిల్ అడిగే ఉత్త పేజీ పెట్టినా, ఓట్లు వేయమని స్నేహితులను పురమాయించినా నిబంధనలు ఒప్పుకోవు. అక్కడ బగ్‌లు దొరుకుతాయి, అది మంచిదే. ఇన్‌వాయిస్‌లు చేత్తో ఎక్కించేవాళ్లు మాత్రం అక్కడికి రారు.

వాళ్లు దొరికే చోట్లు రెండు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ల సహాయ పేజీల్లో ‘పీడీఎఫ్ నుంచి ఎక్కించే దారి లేదా’ అని అడిగి, జవాబు రాక వదిలేసినవాళ్లు మొదటిరకం. రెండోది ఉద్యోగ ప్రకటనలు. ఇన్‌వాయిస్‌ల డేటా ఎంట్రీకి మనిషి కావాలని ప్రకటన ఇచ్చిన సంస్థ ఆ పనికి ఇప్పటికే డబ్బు ఖర్చు పెడుతోందన్నమాట. అంతకు మించిన రుజువు ఏ సర్వేలోనూ దొరకదు. వాళ్లకి రాసే ఉత్తరం అయిదు వాక్యాలు దాటకూడదు: మీ ఇబ్బంది ఫలానా చోట చూశాను, దానికి ఈ పనిముట్టు ఉంది, పేర్లు చెరిపేసిన ఒక ఇన్‌వాయిస్ పంపండి, స్ప్రెడ్‌షీట్ చేసి వెనక్కి పంపుతాను. అందులో సైన్‌అప్ లింకు పెట్టకండి. ఫలితం పంపే మెయిల్‌లోనే ధర రాయండి. ‘చాలా బాగుంది’ అని జవాబిచ్చినవాళ్ల పేరు పక్కన పెట్టేయవచ్చు. ‘నెలకి ఎన్ని పేజీలు? స్కాన్ చేసినవి పనిచేస్తాయా? మా కంపెనీ పేరుతో బిల్లు ఇస్తారా?’ అని అడిగేవాళ్లే కొనేవాళ్లు.

ఉచిత ప్లాన్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లకి కొదవలేదు. 2001లో వెబ్ డిజైన్ పనికి పక్కన మొదలైన మెయిల్‌చింప్ అనే ఈమెయిల్ మార్కెటింగ్ సేవ, బయటి పెట్టుబడి లేకుండా పెరిగి, 2021లో సుమారు 1,200 కోట్ల డాలర్లకు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇన్‌ట్యూట్ చేతికి వెళ్లింది. ఆ కంపెనీ ఉచిత ప్లాన్ తెరిచింది 2009లో. అంతవరకూ నడిపింది డబ్బిచ్చినవాళ్లే. ఉచితంగా వాడేవాళ్లు అడిగేవి వేరు, కొనేవాళ్లు అడిగేవి వేరు. రెండూ కలిపి వింటే ఎవరికీ పనికిరాని వస్తువు తయారవుతుంది. నేను 20 ఫైళ్ల ట్రయల్ ఇచ్చి ఊరుకున్నాను. రోజుల లెక్కన ఇవ్వకండి. నెలాఖరున మాత్రమే ఇన్‌వాయిస్‌లు ముట్టుకునే మనిషికి 14 రోజుల ట్రయల్ పని మొదలుకాకముందే అయిపోతుంది.

ఇక అసలు తలనొప్పి.

కార్డు చెల్లింపులకి రెండు దారులు. మామూలు పేమెంట్ గేట్‌వే అయితే అమ్మేది మీరే, పన్ను కట్టాల్సిందీ మీరే. మర్చంట్ ఆఫ్ రికార్డ్ అనే రకం అయితే కాగితం మీద అమ్మకందారు ఆ కంపెనీ; కొన్నవాళ్ల దేశంలో పన్ను వసూలు చేసి కట్టడం వాళ్ల పని. ఐరోపా సమాఖ్యలో 2015 జనవరి 1 నుంచి, మామూలు వినియోగదారులకి అమ్మే డిజిటల్ సేవల మీద వ్యాట్ కొన్నవాళ్ల దేశపు రేటు ప్రకారం పడుతుంది. సమాఖ్య బయటి అమ్మకందారులకి కనీస పరిమితి అంటూ లేదు, మొదటి అమ్మకం నుంచే లెక్క. ఒక్కరు నడిపే సాఫ్ట్‌వేర్‌కి ఆ గోల ఎందుకని రెండో దారి పట్టాను. ఈ కంపెనీల దగ్గర మామూలుగా కనిపించే రేటు 5 శాతం, దానిమీద లావాదేవీకి 50 సెంట్లు. నెలకి 5 డాలర్ల ధర పెడితే అందులో 75 సెంట్లు, అంటే 15 శాతం వాళ్లకే పోతుంది. 29 డాలర్లు పెడితే 1.95 డాలర్లు, 7 శాతం లోపు. చవక ధర పెట్టకూడదని చెప్పడానికి ఈ కూడిక చాలు.

దరఖాస్తు పెట్టాను. కంపెనీ పేరు అనవసరం. ‘మీ వ్యాపారాన్ని మేం తీసుకోలేం’ అని ఒక్క వాక్యం వచ్చింది. ఎందుకని అడిగితే, భద్రతా కారణాల వల్ల కారణం చెప్పలేమన్నారు. మళ్లీ రాస్తే కింద సంతకంలో పేరు మారింది, పైన వాక్యం మారలేదు. అవతల కొనేవాళ్లు లింకు ఎప్పుడు పంపుతారని అడుగుతున్నారు. డబ్బిస్తామన్నవాళ్లకి ‘కాస్త ఆగండి’ అని రాయాల్సి రావడంలోని నామోషీ అమ్మకానికి కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. వస్తువు లేదేమో, మోసమేమో అనుకోవడానికి అదొక్క వాక్యం చాలు వాళ్లకి.

దరఖాస్తు చూసేవాళ్లకి మీ వస్తువు మీద ఆసక్తి ఉండదు. వాళ్ల ప్రశ్నలు రెండే: ఈ మనిషి తాను చెప్పుకున్న మనిషేనా? రేపు కొన్నవాళ్లు బ్యాంకుకి వెళ్లి డబ్బు వెనక్కి లాగితే భరించేదెవరు? సైట్‌లో వాళ్లు వెతికేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. గుర్తింపు పత్రం మీదున్న పేరు, బ్యాంకు ఖాతా పేరు, సైట్ అడుగున ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ధర లాగిన్ అవ్వకుండానే కనిపించాలి. నిబంధనలు, గోప్యత, రిఫండ్ పేజీల లింకులు మొదటి పేజీ అడుగునే ఉండాలి, రిఫండ్ పేజీలో ఎన్ని రోజుల్లోపు అడగవచ్చో అంకె ఉండాలి. సంప్రదించే ఈమెయిల్ మీ డొమైన్‌దే కావాలి. ‘త్వరలో’ అని రాసిన బటన్లు ఒక్కటీ ఉండకూడదు. లోపలికి వెళ్లి చూడటానికి ఒక ఖాతా, అందులో ముందే ఎక్కించిన నమూనా ఫైళ్లు ఇవ్వండి. ఖాళీ తెర చూసినవాళ్లు ఖాళీ కంపెనీ అనే రాసుకుంటారు.

ఇవన్నీ ఉన్నా తిప్పికొట్టడానికి రెండు ముళ్లు మిగిలాయి. మొదటిది ‘బ్యాంక్ స్టేట్‌మెంట్’, ‘బిల్లులు’, ‘చెల్లింపులు’ అనే మాటలు. ఇతరుల డబ్బు చేతులు మార్చే వ్యాపారాలు, అప్పుల వసూళ్లు ఇలాంటి కంపెనీల నిషేధ జాబితాల్లో సాధారణంగా ఉంటాయి. సైట్ మీద ఓ చూపు పారేసి పోయేవాళ్లకి ఇన్‌వాయిస్ చదివే సాఫ్ట్‌వేర్ కూడా ఆ జాతే అనిపిస్తుంది. రెండోది ‘మొదటి ఫైళ్లు మేమే చేసిపెడతాం’ అన్న వాక్యం. మర్చంట్ ఆఫ్ రికార్డ్ కంపెనీలు మామూలుగా సాఫ్ట్‌వేర్‌నే అమ్మనిస్తాయి, మనిషి చేసే సేవని అమ్మనివ్వవు. కస్టమర్లను తెచ్చిపెట్టిన వాక్యమే ఖాతా రాకుండా అడ్డుపడింది! దాన్ని సైట్ మీంచి తీసి మెయిల్‌లోకి మార్చాను. దరఖాస్తులో వివరణ నాలుగు ముక్కల్లో: వాడేది అకౌంటెంట్లు, లోపలికి వెళ్లేది పీడీఎఫ్, బయటికి వచ్చేది స్ప్రెడ్‌షీట్, ఎవరి డబ్బూ మా గుండా పోదు. ఇంకో కంపెనీ దగ్గర ఇదే సైట్, ఇదే మనిషి, మాటా మంతీ లేకుండా ఆమోదం.

అందుకని ధరల పేజీ తయారైన రోజే, కస్టమర్లను వెతకడం మొదలెట్టకముందే, ఒకేసారి రెండు కంపెనీలకి దరఖాస్తు పెట్టండి. కోడ్‌లో కూడా ఒక్కరినే నమ్ముకోవద్దు. మీ డేటాబేస్‌లో సొంత సబ్‌స్క్రిప్షన్ల పట్టిక ఉంచి, అందులో పేమెంట్ కంపెనీ పేరు, వాళ్లిచ్చిన ఐడీ రెండు కాలమ్‌లుగా పెడితే రేపు మారాలన్నా మారవచ్చు. ఖాతా రాలేదని చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు కూడా. కంపెనీలకైతే ఏడాది మొత్తానికి ఇన్‌వాయిస్ పంపి బ్యాంకు బదిలీ అడగవచ్చు. వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబరు, పన్ను నంబరు అందులో ఉంటే చాలామందికి అదే సౌకర్యం. ఆమోదం వచ్చాక సొంత కార్డుతో అసలు చెల్లింపు చేసి చూడకండి, దాన్ని అనుమానాస్పదంగా లెక్కేస్తారు. 4242 నాలుగుసార్లు ఉండే టెస్ట్ కార్డుతో పాటు తిరస్కరణకి, ఓటీపీ అడగడానికి వేరే టెస్ట్ కార్డులు వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంటాయి. మొదటి చెల్లింపు మీ బ్యాంకుకి చేరడానికి వారం, రెండు వారాలు పట్టడం మామూలే.

తర్వాత వెబ్‌హుక్‌లు, అంటే ఏదైనా జరగగానే పేమెంట్ కంపెనీ మన సర్వర్‌కి తనంతట తాను పంపే కబుర్లు. చెల్లించాక కనిపించే ‘ధన్యవాదాలు’ పేజీని బట్టి ఖాతా తెరవకూడదు, కార్డు ఒప్పుకోగానే ట్యాబ్ మూసేసేవాళ్లు ఉంటారు. వెబ్‌హుక్ వస్తేనే తెరవాలి. ఆ కబురు వాళ్లదేనని చెప్పే సంతకం సరిచూడటానికి, కబురులోని అసలు పాఠాన్ని (బాడీని) వచ్చింది వచ్చినట్టు బైట్లుగా వాడాలి. ఫ్రేమ్‌వర్క్ దాన్ని ముందే జేసన్‌గా విప్పి మళ్లీ కూర్చితే ఒక్క ఖాళీ తేడాతో హెచ్‌మాక్ (రహస్య కీతో లెక్కగట్టే ఆ సంతకం) కలవదు, ఎన్ని గంటలు చూసినా కీ సరైనదే అనిపిస్తుంది. ఒకే ఈవెంట్ రెండుసార్లు వస్తుంది; ఈవెంట్ ఐడీ మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే ఐడీని డేటాబేస్‌లో రెండోసారి పడనివ్వని నియమం) పెట్టి రెండోదాన్ని వదిలేయండి. ‘మారింది’ అనే కబురు ‘మొదలైంది’ కన్నా ముందు రావచ్చు. కాబట్టి కబురులో ఉన్నదాన్ని నమ్మకుండా పేమెంట్ కంపెనీ ఏపీఐని (మన ప్రోగ్రామ్ వాళ్ల సర్వర్‌ని ప్రశ్న అడిగే దారిని) అడిగి ప్రస్తుత స్థితి తెచ్చుకోవాలి. ముందు 200 (‘అందింది’ అనే కోడ్) జవాబిచ్చి, బరువు పనిని క్యూలో వేయండి. ఆలస్యం చేస్తే అందలేదనుకుని అదే మళ్లీ పంపుతారు.

డబ్బు కట్టిన కంపెనీవాళ్లు లోపలికి రాలేకపోవడం ఇంకో వింత. లాగిన్ లింకు పాస్‌వర్డ్ లేకుండా ఒక్కసారికే పనిచేసేదైతే, వాళ్ల ఆఫీసు మెయిల్ భద్రతా స్కానర్ దాన్ని ముందే తెరిచి చూస్తుంది. మనిషి నొక్కేసరికి లింకు గడువు తీరిపోయి ఉంటుంది. లింకు తెరవగానే కాకుండా, ఆ పేజీలో ‘లోపలికి’ బటన్ నొక్కినప్పుడే టోకెన్ (లింకులో ఉండే ఒక్కసారి కోడ్) ఖర్చయ్యేలా పెట్టాలి, లేదా ఆరంకెల కోడ్ పంపాలి. మెయిల్ స్పామ్‌లో పడకుండా, అది నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టండి. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్‌ఎస్ (డొమైన్ల చిరునామా పుస్తకం) వెతుకులాటలు 10 దాటితే అది చెల్లదు, రెండు మూడు మెయిల్ సేవలు కలిపితే ఆ హద్దు ఇట్టే దాటుతుంది.

కార్డు స్టేట్‌మెంట్ మీద కనిపించే పేరు చూసుకోండి. మర్చంట్ ఆఫ్ రికార్డ్ అయితే అక్కడ వాళ్ల పేరు ముందొస్తుంది, మీది ఎక్కడో సగానికి తెగిపోతుంది. గుర్తుపట్టనివాళ్లు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తారు, ఆ వివాదానికి విడిగా రుసుం పడుతుంది. రసీదు మెయిల్ మొదటి వాక్యంలోనే ‘మీ స్టేట్‌మెంట్‌లో ఈ పేరు కనిపిస్తుంది’ అని రాస్తే చాలావరకు తగ్గుతుంది. రిఫండ్ అడిగితే వాదించకుండా ఇచ్చేయండి, లావాదేవీ రుసుం మాత్రం చాలాచోట్ల తిరిగి రాదు. రద్దు బటన్ ఖాతా పేజీలోనే ఉంచాను. రద్దు చేశాక కట్టిన నెల పూర్తయ్యేదాకా వాడుకోవచ్చు; ఆ తర్వాత ఫైళ్లు 30 రోజులు ఉండి చెరిగిపోతాయని నిబంధనల పేజీలో రాసి, చెరిపే పనిని సర్వర్‌లో షెడ్యూల్ చేసిపెట్టాను.