ఆగకుండా ఏడు మూవ్‌మెంట్లు: బీథోవెన్ ఓపస్ 131 వాయించడంలో నా అనుభవం

బీథోవెన్ 1826లో పూర్తిచేసిన ఈ సీ షార్ప్ మైనర్ క్వార్టెట్‌లో (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే కృతిలో) ఏడు మూవ్‌మెంట్లు, అంటే భాగాలు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా సాగుతాయి. దాదాపు 40 నిమిషాలు. మధ్యలో తీరిగ్గా తీగలు సవరించుకునే వీలుండదు కాబట్టి మా సాధన శ్రుతి దగ్గరే మొదలవుతుంది.

చెల్లో సీ తీగ నుంచి వయొలిన్ ఈ తీగ దాకా పంచమాలన్నీ శుద్ధంగా కలిపితే, ఆ రెండు కొసల మధ్య గాంధారం సుమారు 22 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువవుతుంది. అందుకే ఒక్కో పంచమాన్ని వెంట్రుకవాసి తగ్గించి, వయోలా, చెల్లోల సీ తీగల్ని కాస్త పైకి పెట్టుకుంటాం. కచేరీ రోజు కొత్త తీగలు ఎక్కించొద్దు. సాగి శ్రుతి దిగిపోతాయి.

మొదటి మూవ్‌మెంట్ ఫ్యూగ్, అంటే ఒకే స్వరవరుసను ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకునే రచన. దాన్ని మొదటి వయొలిన్ ఒక్కటే ఎత్తుకుంటుంది. తొలి నాలుగు స్వరాలు మన లెక్కలో ప, కాకలి ని, పై స, శుద్ధ ధ. కీరవాణి తెలిసిన చెవికి ఇట్టే పట్టుబడతాయి, గమకం మాత్రం వద్దు. అసలు చిక్కంతా ఆ నిషాదంతోనే. ఒంటరిగా పలికినప్పుడు షడ్జానికి దగ్గరగా జరిపితే బాగుంటుంది. అదే స్వరం జీ షార్ప్ మేజర్ కార్డ్‌లో (ఒకేసారి పలికే స్వరాల కలయికలో) గాంధారంగా నిలిస్తే, పియానో స్థానం కన్నా 14 సెంట్లు దించాలి. సాధనలో కార్డ్‌ను ఆపి ముందు చెల్లో, దాని మీద పంచమం, ఆఖర్న గాంధారం చేర్చి వింటాం. తంబూరా లేదు కదా, చెల్లోనే ఆధారం.

నాలుగో స్వరం మీది స్ఫోర్జాండో (హఠాత్తుగా వచ్చే ఊనిక) కమానుతో కొట్టి తెప్పించేది కాదు. ముందు స్వరాల్లో పెరిగిన బలం అక్కడ వాలాలి, వెంటనే పియానోకు, అంటే మెత్తటి ధ్వనికి, తగ్గాలి. ఒకరు పై కమానుతో, ఇంకొకరు కింది కమానుతో ఎత్తుకుంటే ఆ వాలు మారిపోతుంది. నలుగురం ఒకే బోయింగ్ (కమాను దిశల గుర్తులు) రాసుకుంటాం. ఈ క్వార్టెట్‌కు వేగాన్ని అంకెల్లో చెప్పే మెట్రోనోమ్ గుర్తుల్లేవు. నాకు క్వార్టర్ నోట్ నిమిషానికి 66–72 మధ్య నప్పుతుంది, కానీ బార్‌కు (ఒక ఆవర్తానికి) రెండు దెబ్బలుగానే లెక్కపెట్టాలి.

ఫ్యూగ్ చివరి సీ షార్ప్ నుంచి రెండో మూవ్‌మెంట్ డీకి అరస్వరమే దూరం. ఇక్కడ లీడర్ (మొదటి వయొలిన్) ఊపిరి కొత్త 6/8 వేగంలో ఉండాలి. పాత లయలో పీలిస్తే మిగతావాళ్లు బరువుగా వస్తారు.

ఐదో మూవ్‌మెంట్ అయిన ప్రెస్టోలో పిజికాటో స్వరాలు (కమాను లేకుండా వేలితో మీటేవి) ఒకరి నుంచి ఒకరికి చేతులు మారతాయి. పక్కవాళ్ల స్వరం విన్నాక మీటితే అప్పటికే ఆలస్యం, వాళ్ల వేలు కదలడం చూసి మీటాలి. చివర్లో పాంటిచెల్లో అనే ధ్వని కోసం కమానును బ్రిడ్జ్‌కు (తీగల్ని మోసే చెక్కకు) దాదాపు ఆనించి, బరువు వేయకుండా లాగుతాం. ఒత్తితే గాజు గీరినట్టుండే ఆ ధ్వని పోయి మామూలు స్వరం వచ్చేస్తుంది.