గడప మీంచి కనిపించిన గుట్ట

కృష్ణ ఒడ్డున, కొల్లాపూర్ దగ్గరున్న సోమశిలకు పోవడం ఇది నాలుగోసారి. వెనకటి మూడుసార్లూ ఫొటోలతోనే తిరిగొచ్చాను. కృష్ణలో మునిగిన ఊళ్ల మీద పని మొదలుపెట్టి మూడేళ్లయింది. తీసినవన్నీ ప్రింట్లు వేసి గోడకు పెట్టుకుని చూస్తే ఒక్కటే కనిపించేది: నీళ్లు. ఎంత మంచి వెలుతురులో తీసినా అవి నీళ్ల ఫొటోలే. వాటి కింద ఊరుందని చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

ఆ దిగులులో ఉన్నప్పుడే ఫొటోగ్రాఫర్ సోహ్రబ్ హురా పని మళ్లీ చూశాను. ఆయన ఫొటోలతో 2019లో 'ద కోస్ట్' అని పుస్తకం వేశారు, మరుసటి ఏడాది అదే పేరుతో ఒక చిన్న సినిమా తీశారు. సినిమాలో రాత్రిపూట సముద్రంలోకి దిగే మనుషులు, వాళ్ల మీద విరిగే అలలు. పుస్తకం చేసిన పనిని సినిమా మళ్లీ చేయదు, వేరే పని చేస్తుంది. ఈసారి నేను కూడా వీడియో కెమెరా, మైకు సర్దుకున్నాను.

మే నెల. తెల్లవారుజామున హైదరాబాదులో బయలుదేరి జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దాటి కొల్లాపూర్ చేరేసరికి ఎండ ముదిరింది. రోడ్డు పక్కన మామిడికాయల గంపలు. ఒక గంప కొనుక్కుని సోమశిల దారి పట్టాను.

శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఇక్కడి ఊళ్లు ఖాళీ చేయించారు. పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో ఒడ్డు పొడుగునా ఇదే కథ. గుళ్లను మాత్రం విప్పి, మోసి, మళ్లీ పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అట్లాగే అలంపురం చేరాడు. ఆ పని చేసిన చేతుల మీద నాకు గౌరవం ఉంది, ఎంత ఓపిక కావాలి దానికి! కానీ ఇళ్లను అట్లా మోసినవాళ్లు లేరు.

నా కోసం ఒక అవ్వ రేవు దగ్గర ఎదురుచూస్తోంది. పోయినసారి పరిచయమైంది. ఊరు పోయి భూమి పోయాక, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇంటిల్లిపాదీ వలసపోయారట. "మా ఊరు కట్ట కింద పాయె. మేము ఇంకోళ్ల కట్టలు పొయ్యవోతిమి" అన్నది. పాలమూరు లేబర్ అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నా, ఆ మాటలోకి ఇట్లాంటి దారి ఉందని అప్పుడే తెలిసింది.

పుట్టి ఎక్కాం. పుట్టిలో స్టాండు నిలవదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కెమెరాను మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాను. ఒడ్డున నీళ్లు తీసిపోయిన చోట ఒండ్రు నెర్రెలిచ్చి ఉంది, అక్కడక్కడా గోడల పునాదులు తేలాయి. అవ్వ వాళ్ల ఊరు ఇంకా లోపల, ఎండాకాలంలో కూడా తేలనంత లోతులో.

"ఇంకింత ఎడమకు పోనీ బిడ్డా" అన్నది తెడ్డు వేసే అతనితో. "ఆ రెండు గుట్టల సందు కనవడుతుందా? ఆ సందుల పొద్దు పొడిస్తే మా గడప మీద పడుతుండె."

అతను తిప్పాడు. కొంచెం ముందుకు, మళ్లీ వెనక్కి. గుట్టల సందు సరిగ్గా ఎదురుగా వచ్చాక అవ్వ చెయ్యెత్తింది.

"ఆగు. ఇదే మా ఇల్లు."

చుట్టూ నీళ్లు. వేలు చూపిస్తూ చెప్పుకుంటూ పోయింది. ఇది కచ్చీరు. గాడ బొడ్రాయి. ఇది మంగలోళ్ల ఇల్లు, పక్కకు చేదబావి, బావి మీద చింతచెట్టు. కెమెరా ఆమె వేలి వెంట పోయింది. నీళ్ల మీద ఒక్కొక్క మాట పడుతుంటే అక్కడ ఒక్కొక్క ఇల్లు లేచింది. ఫొటోలో నాకు మూడేళ్లుగా దొరకనిది ఇదే, ఆమె గొంతు.

కాసేపటికి ఆమే గుట్టను తేరిపార చూసి, "గడప మీద కూసుంటే ఈ గుట్ట ఇంత పొట్టిగ లేకుండె. మెడ ఎత్తి సూసేటోళ్లం" అన్నది. తర్వాత నా వైపు తిరిగి, "కిందికి వంగి తియ్యి బిడ్డా, పెద్దగ వస్తది."

వంగాను. పుట్టి అంచు మీంచి చెయ్యి చాచి కెమెరా నీళ్లకు తాకేంత కిందికి దించాను. గుట్ట పెరగలేదు. ఆమె గడప మా కింద ఎంతో లోతున ఉంది. మేము దాని మీద, ఇంటి కప్పుకన్నా ఎత్తున తేలుతున్నాం. ఆ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. ఆమెకు తెలియకపోలేదు కూడా.

దిగేటప్పుడు ఫొటో ఒకటి కావాలన్నది. తనది కాదు, గుట్టది. ప్రింటు వేయించి పెట్టాను.

జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. వానలు పడ్డాక, వరద వచ్చాక ప్రింటు తీసుకుని మళ్లీ పోతాను. అవ్వ వస్తానంటే అదే చోట పుట్టి ఆపించి, అదే గుట్టను తీయాలి. అప్పటికి అది ఇంకా పొట్టిగా కనిపిస్తుంది.