డిశ్చార్జ్ పిటిషన్ దశలో జడ్జి చూడగలిగేవి, చూడలేనివి: నా అనుభవం

డిశ్చార్జ్ పిటిషన్ (చార్జి పెట్టకుండానే కేసు నుంచి వదిలేయమని కోర్టును అడిగేది) వేయమని వచ్చే క్లయింట్లు చాలామంది చేతిలో ఒక కవరుతో వస్తారు. ఘటన రోజు వేరే ఊళ్లో ఉన్నట్టు బస్సు టికెట్టు, ఆసుపత్రి చీటీ, వాట్సాప్ మెసేజీల ప్రింట్లు. వాటిని నేను పిటిషన్‌కు జతచేయను. విచారణలో డిఫెన్స్ సాక్షి ద్వారా సాక్ష్యంగా మార్కు చేయించడానికి భద్రంగా దాచమంటాను. చార్జి దశలో, అంటే ముద్దాయిని ఏ నేరానికి విచారించాలో ఖరారు చేసేటప్పుడు, జడ్జి చూడాల్సింది ప్రాసిక్యూషన్ కాగితాలే. ముద్దాయి తెచ్చినవి చూడటానికి వీల్లేదని 2004 నవంబరులో దేబేంద్రనాథ్ పాఢి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దర్యాప్తు అధికారి చేతికి వచ్చినా చార్జిషీటులో పెట్టకుండా తొక్కిపట్టిన, వంక పెట్టలేని ఆధారమైతే మాత్రం కోర్టు తెప్పించుకోవచ్చు. అది 2017లో నిత్య ధర్మానంద కేసులో చెప్పిన మాట.

పని చార్జిషీటు, దాని జతకాగితాల కాపీలతో మొదలవుతుంది. ముద్దాయి హాజరైన 14 రోజుల్లో అవి ఇవ్వాలని బి.ఎన్.ఎస్.ఎస్. (1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 230వ సెక్షన్ చెబుతుంది. మెమో ఆఫ్ ఎవిడెన్స్ అనే సాక్షుల జాబితాలో ఎంతమంది ఎల్.డబ్ల్యు.లు (పోలీసులు చూపిన సాక్షులు) ఉన్నారో, చేతికి ఎన్ని వాంగ్మూలాలు వచ్చాయో అక్కడే లెక్కపెడతాను. ఎఫ్.ఎస్.ఎల్. (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు, 183వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు నమోదు చేసిన వాంగ్మూలం ఉన్నాయా అని ముందు చూస్తాను. ఏది రాలేదో కాపీలు అందినట్టు పెట్టే సంతకం పక్కనే రాస్తాను. సి.సి. కేసుల్లో (మేజిస్ట్రేటే విచారించేవి) పిటిషన్‌కున్న 60 రోజుల గడువు కాపీలు అందిన రోజు నుంచే నడుస్తుంది మరి.

సెషన్స్ కేసుల్లో ఆ 60 రోజులు కమిటల్ (మేజిస్ట్రేటు కేసును సెషన్స్ కోర్టుకు పంపడం) తేదీ నుంచి లెక్క. సెషన్స్ కోర్టులో ఎస్.సి. నంబరు పడేదాకా ఆగితే అందులో కొంత కరిగిపోతుంది. కేసు కమిటల్‌కు ముందు మేజిస్ట్రేటు దగ్గర పి.ఆర్.సి. నంబరు మీద ఉండగా మేజిస్ట్రేటును డిశ్చార్జ్ అడిగి లాభం లేదు. 1898 కోడ్ కింద కమిటల్‌కు ముందు విచారణ జరిపి, ఆధారం లేకపోతే వదిలేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉండేది. 1973 కోడ్‌తో అది పోయింది. ఇప్పుడు చూసేది ఒక్కటే: ఇది సెషన్స్ కోర్టు మాత్రమే విచారించాల్సిన నేరమా? అక్కడ పిటిషన్ వేసినా కేసుతో పాటు పైకి పంపేస్తారు. 2024 జూలై 1 నాటికే విచారణలో ఉన్న పాత కేసులకు 1973 కోడ్‌లోని 227, 239 సెక్షన్లే వర్తిస్తాయి. వాటిలో ఈ గడువు లేదు.

పిటిషన్ రాసే ముందు కాగితం మీద నిలువుగీత గీస్తాను. ఎడమవైపు ఆ నేరానికి కావలసిన ఒక్కొక్క అంశం, కుడివైపు దాన్ని చెప్పిన ఎల్.డబ్ల్యు. నంబరు, పేజీ. కుడివైపు ఖాళీగా మిగిలిన చోటే నా వాదన. వరకట్న వేధింపు కేసులో ఆడపడుచు గురించి ‘అందరూ కలిసి వేధించారు’ అన్న మాట తప్ప తేదీ, చోటు, చేసిన పని ఏవీ లేకపోతే ఆ ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. ఎ4 (నాలుగో ముద్దాయి) పేరు ఎ1 (మొదటి ముద్దాయి) పోలీసులకిచ్చిన ఒప్పుకోలులో తప్ప ఇంకెక్కడా లేకపోయినా అంతే.

సాక్షుల మధ్య వైరుధ్యాలు మాత్రం రాయకూడదు. ఎల్.డబ్ల్యు.2 కర్ర అన్నాడు, ఎల్.డబ్ల్యు.3 రాడ్డు అన్నాడు అని పేజీలు నింపిన పిటిషన్లు ఎన్నో చూశాను. ఎవరిని నమ్మాలో తేల్చే అధికారం ఆ దశలో జడ్జికి లేదు. పైగా క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షిని అడగాల్సినవి ముందే ప్రాసిక్యూషన్ చేతిలో పెట్టినట్టవుతుంది. అలాగని జడ్జి ప్రాసిక్యూషన్ చెప్పింది యథాతథంగా ముందుకు పంపే పోస్టాఫీసు కాదు. కాగితాలను పరిమితంగా జల్లెడపట్టవచ్చనీ, రెండు అభిప్రాయాలకు సమానంగా తావుండి, మిగిలింది బలమైన అనుమానం కాక మామూలు అనుమానమే అయితే వదిలేయవచ్చనీ 1978లో ప్రఫుల్ల కుమార్ సామల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా పిటిషన్లు ఆ గీత దాటకుండా చూసుకుంటాను.

హత్యాయత్నం కేసుల్లో ప్రత్యామ్నాయ అభ్యర్థన తప్పక పెడతాను: డిశ్చార్జ్ కుదరకపోతే గాయపరిచిన నేరానికే చార్జి పెట్టి, బి.ఎన్.ఎస్.ఎస్. 251 కింద కేసును మేజిస్ట్రేటుకు పంపమని. గాయం చిన్నదన్న ఒక్కమాట సరిపోదు. చంపే ఉద్దేశం కాగితాల్లో ఎక్కడా లేదని చూపించాలి.

డిశ్చార్జ్ చేస్తే జడ్జి కారణాలు రాయాలి. చార్జి పెట్టేటప్పుడు సుదీర్ఘ ఉత్తర్వు అక్కర్లేదు. అందుకే పిటిషన్ కొట్టివేత ఉత్తర్వు పొట్టిగా ఉందన్నది రివిజన్‌లో (ఉత్తర్వును పైకోర్టు పరిశీలించడం) నిలవదు. రివిజన్‌కు 90 రోజులు. సర్టిఫైడ్ కాపీకి మాత్రం ఆ రోజే అప్లికేషన్ పెట్టేస్తాను.