అస్సెక్రెమ్‌లో మా అమ్మమ్మ పేరు

2022 మే 15న రోమ్‌లో మన దేవసహాయం పిళ్ళైతో పాటు పునీతులైన వాళ్ళలో ఫ్రెంచి క్రైస్తవ గురువు షార్ల్ ద ఫూకో ఒకరు. ఆ వారం పూజలో మా ఫాదర్ గారు "ఎడారిలో కూర్చుని నిఘంటువు రాసిన గురువు" అని చెప్పారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు అఆలు దిద్దించినదాన్ని, ఆ మాట నన్ను వదల్లేదు. రిటైరయ్యాక అల్జీరియా వెళ్ళాను. ఫ్రాన్స్‌లో ఉంటున్న మా అబ్బాయి తోడొచ్చాడు కాబట్టి మాటకు ఇబ్బంది లేకపోయింది.

ఆయన ఉన్న ఎడారి ఊరు తామన్‌రాసెట్ నుంచి అస్సెక్రెమ్ కొండ ఎనభై కిలోమీటర్లే. కానీ హొగ్గార్ కొండల రాళ్ళ దారిలో జీపుకి సగం రోజు పట్టింది. రాత్రి చలికి నిద్ర లేదు. తెల్లవారుజామున నడిచి పైకెక్కాం. 2,700 మీటర్లకు పైన, రాళ్ళు పేర్చి కట్టిన ఫూకో చిన్న ఆశ్రమం. లోపల పీఠం ముందు మోకరిల్లితే ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పలేను. బయట కొండ శిఖరాలు ఒక్కొక్కటిగా ఎర్రబడుతున్నాయి.

ఫూకో 1905లో తామన్‌రాసెట్ చేరారు. బోధించాలని వచ్చిన మనిషి, ముందు అక్కడి ఎడారి ప్రజలైన తువారెగ్‌ల భాష నేర్చుకోవడానికి కూర్చున్నారు. వాళ్ళు నోటితో పాడుకునే పద్యాలు వేలకొద్దీ పాదాలు రాసుకున్నారు. ఆయన తువారెగ్-ఫ్రెంచ్ నిఘంటువు చేతిరాతతోనే నాలుగు సంపుటాలుగా 1951-52లో అచ్చయింది. అప్పటికి ఆయన చనిపోయి ముప్పై అయిదేళ్ళు. ఆయన బతికుండగా అక్కడ క్రైస్తవ సంఘమంటూ ఏర్పడలేదు. లెక్కలు చూసేవాళ్ళకు అది ఓటమి. నాకలా అనిపించలేదు.

ఆయన మాజీ సైనికాధికారి. ఫ్రెంచి పాలన అక్కడ ఉండాలనే కోరుకున్నారు. అక్కడి సంగతులు సైన్యంలోని స్నేహితులకు రాస్తుండేవారు. పునీతుడైనంత మాత్రాన ఆ సంగతి దాచకూడదు. 1916 డిసెంబర్ 1న ఆయన్ని కాల్చి చంపడానికి మొదటి ప్రపంచ యుద్ధ వాతావరణం కూడా కారణమే.

నాకు బాగా నచ్చింది 1908 నాటి సంగతి. కరువు. తన దగ్గరున్న గింజలన్నీ పంచేసి, ఆయనే లేవలేని స్థితిలో పడిపోయారు. అప్పుడు ఆ ముస్లిం ఇరుగుపొరుగు వాళ్ళే చుట్టూ నాలుగు కిలోమీటర్ల మేర కాసిని పాలిచ్చే మేకల్ని వెతికి, ఆ పాలు తెచ్చి బతికించారు. ఇవ్వడానికి వచ్చిన మనిషి అడుక్కుని తాగాల్సి వచ్చింది. నిజమైన స్నేహం అక్కడే మొదలైందని నా నమ్మకం.

దిగేటప్పుడు గైడు వాళ్ళ పిన్ని గుడారం దగ్గర ఆగాం. నిప్పుల కింద ఇసుకలో కాల్చిన రొట్టె పెట్టింది, మూడు గ్లాసుల టీ ఇచ్చింది. మొదటిది చేదు, తర్వాతవి తీపి. మాటల్లో వాళ్ళ లిపి తిఫినాగ్ గురించి అడిగాను. అది ఫూకో తెచ్చింది కాదు, శతాబ్దాలుగా వాళ్ళదే. పిల్లలకు నేర్పేది తల్లులే, బడి అక్కర్లేదు, ఇసుకే పలక.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మిషన్ బడిలో వేపచెట్టు కింద ఇసుక పోసి, సిస్టర్లు ఆమె వేలు పట్టి దిద్దించారట. మా పేటలో వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన మొదటి ఆడమనిషి ఆమే.

"నీ పేరు చెప్పు, రాస్తాను" అంది పిన్ని. నా పేరు చెప్పలేదు, అమ్మమ్మ పేరు చెప్పాను. మరియమ్మ. ఆమె వేలితో నాలుగు హల్లులు గీసింది. ఆ లిపిలో మధ్య అచ్చులు రాయరు. చివరి 'అ' కోసం ఒక చుక్క పెట్టింది. నేను పక్కనే తెలుగులో రాశాను. గుండ్రటి మన అక్షరాల మీద తన వేలు పెట్టి, 'రి' దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి దిద్దడం మొదలుపెట్టింది.