సింగపూర్‌లో కొబ్బరి వెంట: నా తిండి డైరీ, ఇప్పటివరకు

సింగపూర్‌కి ఎవరొచ్చినా ఒకటే అడుగుతారు: "ఇక్కడ తప్పకుండా తినాల్సినవి ఏంటి?" జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. చికెన్ రైస్, చిల్లీ క్రాబ్, లక్సా, సాటే... పేర్లకు టిక్కులు కొట్టుకుంటూ రెండు రోజుల్లో ముగించేయొచ్చు. కడుపు నిండుతుంది, కానీ ఈ ఊళ్ళో మలే, చైనీస్, పెరనకన్, తమిళ వంటలు ఒకదాన్నొకటి ఎలా అంటిపెట్టుకుని పెరిగాయో అలా తింటే తెలియదు. అందుకని నా వారాంతాల తిరుగుడికి వేరే పద్ధతి పెట్టుకున్నాను. ఏదో ఒక సరుకు తీసుకోవడం, అది నాలుగు వంటిళ్ళలో ఎలా మారుతుందో తిని చూడటం, కుదిరినవి ఇంట్లో చేసుకోవడం, రాసిపెట్టుకోవడం.

మొదటి సరుకు కొబ్బరి. గోదావరి జిల్లా వాణ్ణి, ఇంకేం తోస్తుంది! మన దగ్గర కొబ్బరి అంటే పచ్చడి, లౌజు, దేవుడి దగ్గర కాయ. ఇక్కడ అన్నం ఉడికేది అందులోనే, బ్రెడ్డు మీద రాసేది అదే, నూడుల్స్ పులుసుకు ప్రాణం అదే.

నాసి లెమాక్

మొదలుపెట్టాల్సింది దీనితోనే. మలే వాళ్ళ పొద్దుటి తిండి ఇది, ఇప్పుడు రోజంతా దొరుకుతుంది. బియ్యాన్ని కొబ్బరిపాలల్లో, పాండన్ అనే సువాసన ఆకు ముడి వేసి ఉడికిస్తారు. పక్కన సంబల్ (మిరపకాయల ముద్ద), కరకరలాడే నెత్తళ్ళు, వేయించిన వేరుశెనగ గుళ్ళు, కీరా ముక్కలు, గుడ్డు. కావాలంటే కోడి రెక్క.

నేను తిన్నవాటిలో ఆడమ్ రోడ్ ఫుడ్ సెంటర్‌లోది నాకు బాగా నచ్చింది. బొటానిక్ గార్డెన్స్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. అక్కడ ఒక స్టాల్లో బాస్మతి వాడతారు, మెతుకు విడివిడిగా ఉంటుంది. మామూలుగా జాస్మిన్ బియ్యమే.

రుచి గురించి ఒక మాట. సంబల్ మన నాలుకకు ముందు తీపిగా తగులుతుంది, కారం వెనకాల వస్తుంది. ఆవకాయ అలవాటైనవాళ్ళు "ఇదేం కారం" అని పక్కన పెట్టేస్తారు. అలా చేయొద్దు. సంబల్ విడిగా నాకి చూసేది కాదు. అన్నం, రెండు నెత్తళ్ళు, ఒక పల్లీ, కొంచెం సంబల్ ఒకే ముద్దలో పడాలి. అప్పుడు తెలుస్తుంది ఆ తీపి ఎందుకుందో: నెత్తళ్ళ ఉప్పుకి అది జోడు.

ఇంట్లో ఇప్పుడు నేను పాటిస్తున్న కొలత: 2 కప్పుల జాస్మిన్ బియ్యం, 1 కప్పు చిక్కటి కొబ్బరిపాలు, ఒకటింబావు కప్పు నీళ్ళు, 3 పాండన్ ఆకులు, చిన్న అల్లం ముక్క, ఉప్పు. రైస్ కుక్కర్ చాలు. ఉడికాక పాలలోని నూనె పైకి తేలి ఉంటుంది కాబట్టి అడుగు నుంచి ఒకసారి కలిపి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయాలి. గేలాంగ్ సెరాయ్ మార్కెట్లో, టెక్కా మార్కెట్లో కొబ్బరి అప్పటికప్పుడు తురిమి ఇస్తారు. ప్యాకెట్ పాలతో పోలిస్తే వాసనే వేరు.

కాయా టోస్టు, కోపి

కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, పాండన్ కలిపి సన్నని సెగమీద కాచిన జామ్. బొగ్గుల మీదో గ్రిల్ మీదో కాల్చిన పల్చటి బ్రెడ్డు మధ్య కాయా రాసి, చల్లటి వెన్న పలక ఒకటి పెడతారు. తోడుగా సగం ఉడికిన గుడ్లు రెండు. వాటిమీద నల్ల సోయా సాస్, తెల్ల మిరియాల పొడి. గుడ్డు జారుడుగా ఉంటుంది. పడనివాళ్ళు టోస్టు ఒక్కటే తీసుకోవచ్చు. కానీ టోస్టుని ఆ గుడ్డులో ముంచి తినడమే అసలు పద్ధతి.

ఈ తిండి వెనక హైనాన్ దీవి నుంచి వచ్చిన చైనీయులున్నారు. వాళ్ళలో చాలామంది బ్రిటిష్ వాళ్ళ ఇళ్ళల్లో, ఓడల్లో వంటవాళ్ళుగా పనిచేశారు. తెల్లవాళ్ళ బ్రెడ్డు, వెన్న. ఇక్కడి కొబ్బరి, పాండన్. ఒక్క టోస్టులో రెండూ కలిశాయి.

కోపి, అంటే ఇక్కడి కాఫీ, కాచే మనిషిని కాసేపు నిలబడి చూడండి. పొడవాటి గుడ్డ సంచిలో పొడి, దానిమీద సలసల కాగే నీళ్ళు, పొడుగు ముక్కు ఉన్న కుండలోంచి ఇంకో కుండలోకి డికాక్షన్ పైకెత్తి పోయడం, అడుగున కండెన్స్‌డ్ మిల్క్ వేసి ఉంచిన కప్పులోకి వంచడం. అంతా నిమిషంలోపే. గింజల్ని చక్కెర, మార్జరిన్‌తో కలిపి వేయిస్తారు కాబట్టి ఆ నలుపు, ఆ మాడు వాసన. మన ఫిల్టర్ కాఫీ ప్రియులకు ఇది నచ్చి తీరుతుందని నా నమ్మకం.

ఆర్డర్ ఇచ్చే భాష నేర్చుకుంటే పని తేలిక. కోపి అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో. కోపి-ఓ అంటే పాలు లేకుండా, చక్కెరతో. కోపి-సి అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు, చక్కెర. చివర కొసోంగ్ అంటే చక్కెర వద్దు, సియూ దాయ్ అంటే తీపి తక్కువ, గావ్ అంటే స్ట్రాంగ్, పెంగ్ అంటే ఐస్‌తో. కోపి స్థానంలో తే అంటే టీ. మనవాళ్ళకి నేను చెప్పేది: "కోపి-సి సియూ దాయ్". హాకర్ సెంటర్లో (తిండి స్టాళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు) ఒకటిన్నర సింగపూర్ డాలర్ అటూఇటూ అవుతుంది.

ఇంట్లో కాయా: 4 గుడ్లు, 200 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలు, 150 గ్రాముల చక్కెర, 4 పాండన్ ఆకులు. వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, ముప్పావుగంట చెయ్యి ఆపకుండా కలపాలి. విరిగినట్టు కనబడినా కంగారు లేదు, మిక్సీలో ఒక తిప్పు తిప్పితే నున్నగా వస్తుంది. ఫ్రిజ్‌లో వారం నిలవ ఉంటుంది. కొంచెం చక్కెర విడిగా కరిగించి, ఎర్రగా మాడబెట్టి కలిపితే హైనాన్ పద్ధతి గోధుమరంగు కాయా. నాకు అదే ఇష్టం.

లక్సా

ఎండురొయ్యలు, దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, పసుపు, ఎండుమిర్చి, బెలాచన్ (రొయ్యల ముద్ద) నూరిన ముద్దను నూనె తేలేదాకా వేయించి, కొబ్బరిపాలు పోసి మరిగిస్తే లక్సా పులుసు. అందులో బియ్యపు నూడుల్స్, రొయ్యలు, చేప కేకు ముక్కలు, పులుసు పీల్చుకునే వేయించిన టోఫు, సముద్రపు గుల్లల మాంసం. ఇక్కడి కటోంగ్ అనే పేట పద్ధతిలో నూడుల్స్ పొట్టిగా తెంపి ఉంటాయి, చాప్‌స్టిక్స్ ఇవ్వరు, చెంచాతోనే తినాలి. మనలాంటివాళ్ళకి అదే వీలు. టోఫు ముక్క కొరికినప్పుడు పులుసు ఒక్కసారిగా నోట్లోకి వస్తుంది, వేడి జాగ్రత్త.

2024లో మెరైన్ పరేడ్ ఎమ్మార్టీ (మెట్రో) స్టేషన్ తెరిచాక కటోంగ్ వెళ్ళడం సులువైంది. హాకర్ సెంటర్లలో 4 నుంచి 7 డాలర్ల దాకా ఉంటుంది. గుల్లలు పడకపోతే ముందే చెప్పాలి.

కటోంగ్ వెళ్ళినవాళ్ళు పెరనకన్ కుయే (చిన్న పిండివంటలు) తినకుండా రావొద్దు. ఇక్కడి మలే సమాజంతో కలిసి తరాలుగా బతికిన చైనీస్ కుటుంబాలవాళ్ళు పెరనకన్లు. వాళ్ళ కుయే సలాట్ నా దృష్టిలో ఈ ఊరి తీపి వంటలన్నిటిలో అందమైనది. కింద కొబ్బరిపాలల్లో ఉడికిన జిగురు బియ్యం, అక్కడక్కడా శంఖుపూల నీలం. పైన పాండన్ రసంతో పచ్చగా గడ్డకట్టిన కస్టర్డ్. మన ఇళ్ళల్లో శంఖుపూలు శివుడికి పెడతాం, ఇక్కడ వాటి రసం అన్నంలోకి వెళ్తుంది. ఎండిన పూలు కొన్నాను. ఇంట్లో ప్రయత్నం ఇంకా సగంలో ఉంది: అన్నం పొర కుదిరింది, కస్టర్డ్ పొర ఇంకా గట్టిపడాలి. ఈసారి ఆవిరి సెగ తగ్గించి చేస్తాను.

ఆవిరి పిండివంటలు

ఈ డైరీలో నేను ఎక్కువ సంతోషంగా రాస్తున్న భాగం ఇది. హెయిగ్ రోడ్ మార్కెట్లో పుటు పిరింగ్ చేసే చోట ఎంతసేపైనా నిలబడతాను. తడి బియ్యప్పిండిని చిన్న గిన్నె అచ్చులో సగం నింపుతారు. మధ్యలో గుల మెలాకా తురుము, అంటే కొబ్బరి పూగెల నీరా కాచి చేసే బెల్లం. మళ్ళీ పిండి. దానిమీద గుడ్డ చుట్టి ఆవిరి కన్నం మీద బోర్లిస్తారు. కాసేపటికి గుడ్డ విప్పితే తెల్లటి గుండ్రటి ముద్ద. ఉప్పు కలిపిన పచ్చి కొబ్బరి తురుముతో, పాండన్ ఆకు ముక్క మీద పెట్టి ఇస్తారు. కొరికితే బెల్లం కరిగి పాకంలా కారుతుంది. ఆ కొబ్బరిలో ఉప్పు లేకపోతే ఇది మామూలు తీపి వంట అయ్యేది. అక్కడే తినాలి, పార్సిల్ కట్టించుకుంటే పది నిమిషాల్లో పిండి బిగుసుకుపోతుంది.

దీని చైనీస్ చుట్టం కుయే టుటు: పువ్వు ఆకారం అచ్చు, లోపల పల్లీల పొడి లేదా తీపి కొబ్బరి. తమిళుల పుటు మాయమ్ మనకు తెలిసిన ఇడియాప్పమే, మీద కొబ్బరి, చక్కెర. మూడింటికీ బియ్యప్పిండి, ఆవిరి, కొబ్బరే. మూడూ ఒకే రోజు తిని చూస్తేనే తేడాలు పట్టుబడతాయి. పిండి మెత్తదనంలో నా ఓటు పుటు పిరింగ్‌కి.

లిటిల్ ఇండియా

తెలుగువాళ్ళు ఇక్కడికి వస్తే ఆంధ్రా భోజనం వెతుక్కుంటారు. దొరుకుతుంది, బాగానే ఉంటుంది. కానీ ఒక పూట చేప తలకాయ కూరకి కేటాయించండి. 1949లో కేరళ నుంచి వచ్చిన గోమెజ్ అనే ఆయన తన హోటల్లో మొదలుపెట్టాడంటారు. చైనీయులకు చేప తల అంటే ప్రీతి, మనవాళ్ళకి పులుసు. ఈ రెండూ కలిస్తే పుట్టింది. చింతపండు పులుపు, బెండకాయ, వంకాయ, కొన్నిచోట్ల అనాస ముక్క. అరిటాకు భోజనంతో పెడతారు. చైనీస్ హోటళ్ళలో ఇదే కూర మట్టికుండలో, కొబ్బరిపాలు ఎక్కువ పోసి కమ్మగా చేస్తారు. నేను మనవాళ్ళ పద్ధతికే మొగ్గుతాను. కొబ్బరి తగ్గి పులుపు పైకి వచ్చినప్పుడే చేప రుచి తెలుస్తుంది. ఒక తల ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. ధర 20 డాలర్లు దాటుతుంది కాబట్టి ముందే అడగండి. చెంప కండ మీ పక్కన కూర్చున్న పెద్దవాళ్ళకి ఇవ్వండి, అది మెత్తటి భాగం.

సాటే, అంటే పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన మాంసం ముక్కల గురించి క్లుప్తంగా: లావ్ పా సాట్ పక్కన బూన్ టాట్ వీధిలో సాయంత్రం వాహనాలు ఆపి పొయ్యిలు పెడతారు. లావ్ పా సాట్ 1894 నాటి ఇనుప స్తంభాల మార్కెట్, స్తంభాలు గ్లాస్గో నుంచి వచ్చాయి. సాటేతోపాటు కెటుపాట్ అడగండి. కొబ్బరి మట్టాకుతో అల్లిన బుట్టలో ఉడికిన అన్నం అది, పల్లీల సాస్‌లో ముంచి తింటారు.

శాకాహారులకు

దీని మీద ఎక్కువ రాయాలి, ఎందుకంటే అందరూ అడిగేది ఇదే. కూరగాయలు కనిపించినంత మాత్రాన శాకాహారం కాదు. సంబల్‌లో బెలాచన్ ఉంటుంది. కొబ్బరిపాల కూరగాయల పులుసు సాయుర్ లోదెహ్‌లో ఎండురొయ్యలు పడతాయి. నూడుల్స్ వేపుళ్ళలో పంది కొవ్వు వాడటం మామూలు. "నో మీట్" అంటే సరిపోదు. "నో బెలాచన్, నో ఇకాన్ బిలిస్, నో లార్డ్, నో ఎగ్" అని విడివిడిగా చెప్పండి (ఇకాన్ బిలిస్ అంటే నెత్తళ్ళు, లార్డ్ అంటే పంది కొవ్వు).

ఇంతకన్నా తేలిక దారి: చాలా హాకర్ సెంటర్లలో బౌద్ధుల శాకాహార స్టాల్ ఉంటుంది. వాళ్ళలో చాలామంది ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కాబట్టి కార్తీకమాసం నియమాలున్నవాళ్ళకీ పనికొస్తుంది. చాంద్రమాన నెలలో 1వ, 15వ రోజుల్లో అక్కడ క్యూ పొడుగ్గా ఉంటుంది. శాకాహార నాసి లెమాక్, శాకాహార లక్సా కూడా కొన్నిచోట్ల చేస్తారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు బాగా తిన్నది శాకాహార బీ హూన్ (సన్నటి బియ్యపు నూడుల్స్), చెండోల్. చెండోల్ అంటే ఐస్ తురుము, పాండన్ పచ్చ సేమ్యాలాంటి ముక్కలు, కొబ్బరిపాలు, గుల మెలాకా పాకం. ఎర్ర బీన్స్ వద్దంటే తీసేస్తారు.

తిరగడానికి పనికొచ్చేవి

ఈ హాకర్ సెంటర్లు చాలామటుకు 1970ల నుంచి వీధి బళ్ళవాళ్ళని ఒక కప్పు కిందికి చేర్చడానికి కట్టినవి. 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంటే అది ఎవరో ఆపుకున్న చోటు, కూర్చోకండి. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి ర్యాక్‌లో పెట్టాలి. 2021 సెప్టెంబర్ నుంచి ఇది కచ్చితం. హలాల్ ర్యాక్ విడిగా ఉంటే చూసి పెట్టండి. స్టాల్ వాళ్ళని అంకుల్, ఆంటీ అని పిలవండి. పొద్దుటి తిండి స్టాళ్ళు మధ్యాహ్నానికే సర్దేస్తాయి, సోమవారం మూసేవి చాలా ఉంటాయి, శుభ్రం చేయడానికి సెంటర్ మొత్తం మూసే రోజులూ ఉంటాయి. బయలుదేరేముందు చూసుకోవాలి. రంజాన్ నెలలో మలే స్టాళ్ళు కొన్ని పగలు తెరవవు. కాస్త నగదు జేబులో ఉంచుకోండి, పాత స్టాళ్ళలో విదేశీ కార్డు తీసుకోరు. ఇద్దరు కలిసి వెళ్తే ఒక్కొక్కటి ఒక ప్లేటే తెప్పించుకుని పంచుకోండి, మూడు చోట్ల తినొచ్చు.

తరవాత

కొబ్బరిలో ఇంకా మిగిలినవి: ఒందెహ్ ఒందెహ్ (లోపల బెల్లం, పైన కొబ్బరి తురుము ఉండే ఉండలు), ఇంట్లో లక్సా ముద్ద, కుయే సలాట్ కస్టర్డ్. అవి కాగానే రెండో సరుకు చింతపండు. ఇక్కడ 'మీ సియామ్' అనే పుల్లటి నూడుల్స్, 'అసమ్ పెడాస్' అనే పుల్లటి చేప పులుసుతో మొదలుపెట్టి, కొబ్బరిపాలు చుక్క పడని అసమ్ లక్సా కోసం మలేసియాలోని పెనాంగ్ వెళ్ళాలి. విమానంలో గంటన్నర ప్రయాణం, పొడుగు వారాంతం చూసి టికెట్ తీస్తాను. పులుసు తెలిసినవాళ్ళెవరైనా తోడొస్తే ఇంకా మంచిది.