లింకు పైన రెండు లైన్లు

కావలి. సోమవారం రాత్రి, పదిన్నర.

పొద్దున్నుంచే ముసురు. ఆరున్నరకి షట్టరు ఎత్తితే లోపలంతా చెమ్మ వాసన. ఇలాంటి రోజుల్లో జిరాక్స్ మిషన్‌లో పేపర్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే ముందు ట్రే లాగి, పేపరు కట్ట బాగా విదిలించి మళ్లీ పెట్టాను. టీ వచ్చేలోపు సిస్టమ్ ఆన్ చేసి ఏడింటి పోస్టుకి కూర్చున్నాను.

మా వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు రెండువందల పైచిలుకు మంది ఉన్నారు. ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు, గ్రూప్-2కి చదివేవాళ్లు, కొందరు అమ్మానాన్నలు కూడా. రోజూ ఏడింటికి ఐదు లింకులకు మించకుండా పెడతాను. మొదట్లో ఇరవై దాకా పెట్టేవాణ్ణి. కనపడిందల్లా తెచ్చి పోసేవాణ్ణి. ఒక్కరూ తెరిచేవాళ్లు కాదు. సాయంత్రం షాపుకొచ్చి "అన్నా, నోటిఫికేషన్లు ఏమన్నా పడ్డాయా?" అని అడిగేవాళ్లు. పొద్దున పెట్టిందే చూపిస్తే "అవునా, చూళ్లేదన్నా" అనేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు. లోపల ఏముందో, తనకి పనికొస్తుందో లేదో తెలియని నీలం అక్షరాల వరసని ఎవరు నొక్కుతారు? అప్పటినుంచి ప్రతి లింకు పైన నా మాటల్లో రెండు లైన్లు రాస్తున్నాను. ఏ సంవత్సరానిది, ఎవరికి, ఎప్పటిలోగా, పీడీఎఫ్‌లో ఏ పేజీ చూడాలి. ఆ రెండు లైన్లు రాయాలంటే నలభై పేజీలు ముందు నేను చదవాలి. లింకు కాపీ చేయడం క్షణం పని. గంట పట్టేది ఈ చదవడానికే.

ఇవాళ నాలుగే పెట్టాను. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ఒకటి. పోటీ పరీక్షల వాళ్లకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పేజీ ఒకటి, అవన్నీ వాళ్ల సైట్లోనే ఉచితంగా దొరుకుతాయి. స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల సైట్లో ఒక కోర్సు, ఆ సైట్‌ని 2017లో కేంద్రం మొదలుపెట్టింది. పాఠాలకి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్ష ఫీజు ఉంటుంది. ఆ మాట కూడా రాశాను, రాయకపోతే తర్వాత బాధపడతారు. నాలుగోది వాతావరణ శాఖ పేజీ, ముసురు కదా. ఐదోది రాత్రి ఒక స్నేహితుడు పంపిన రైల్వే ఉద్యోగాల పోస్టరు. దాని మీద నోటిఫికేషన్ నంబరు లేదు. రైల్వే బోర్డు సైట్లో అరగంట వెతికినా ఆ ఊసే లేదు. తీసేశాను.

పది దాటాక ఇడ్లీ బండి అక్క వచ్చింది. బండి కట్టేసి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ల సందుల్లో ఇంకా పిండి తడి. కొంగుతో తుడుచుకుంటూ ఫోను నా ముందు పెట్టింది. "అబ్బయ్యా, పాపకి లాప్‌టాప్ ఇస్తారంట. ఆధార్ నంబరు అడగతా ఉండాది. నువ్వే కొట్టిపెట్టు."

మెసేజి పైన రెండు బాణాల గుర్తు ఉంది. చాలా చేతులు మారి వచ్చిందని దానర్థం. 2020 నుంచి ఇలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది వాట్సాప్. అయినా ఒక్కొక్కటిగా నడుచుకుంటూ అక్క దాకా వచ్చేసింది.

ఇది మోసం అని చెప్పి పంపేయొచ్చు. కానీ రేపు ఇంకోటి వస్తుంది, అప్పుడు నేను పక్కన ఉండను. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. "అక్కా, మనకి ఇంటిపేరు ముందుంటుంది. సైట్ అడ్రసులో చివరుంటుంది. మొదట్లో జంటగా వచ్చే ఏటవాలు గీతలు వదిలెయ్, వాటి తర్వాత ఇంకో ఏటవాలు గీత వచ్చేదాకా చదువు, దానికి ముందున్నదే ఇంటిపేరు. ప్రభుత్వందైతే ఎక్కువగా జీఓవీ, చుక్క, ఇన్ అని ఉంటుంది. అది బయటివాళ్లకి ఇవ్వరు" అని చెప్పాను. అక్క చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది. చూపుడు వేలు తెర మీద పెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ పోయింది. వేలు తగిలినప్పుడల్లా పేజీ పక్కకి జరుగుతుంటే ఎడమచేత్తో ఫోను అదిమి పట్టుకుంది. "జీ... ఓ... వీ..." అని ఆగింది. ఫోను కళ్లకి దగ్గరగా తెచ్చుకుంది.

"ఇక్కడ చుక్క లేదే. అడ్డగీత ఉండాది."

నేను చూపించలేదు, తనే పట్టుకుంది. ఆ గీత తర్వాత చివరికి వస్తే అది ఎవరిదో తెలియని ఇంకేదో పేరు. ఉచిత లాప్‌టాప్ మెసేజీలు అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ వాళ్లు ఎన్నోసార్లు చెప్పారు. కేంద్రం ఆ విభాగాన్ని 2019లో పెట్టింది. వాళ్ల పోస్టు ఒకటి తెరిచి చూపించాను. అక్క ముఖం చిన్నబోయింది. "పాప రాత్రంతా దాని గురించే మాట్లాడింది అబ్బయ్యా. ఇప్పుడు ఏం చెప్పేది?"

ఆ ప్రశ్నకి లింకు అబద్ధం అన్న జవాబు చాలదు కదా. స్కాలర్‌షిప్ పోర్టల్ తెరిచి, పాపకి వర్తించేవి ఏవో చూసి, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం, మార్కుల జాబితా అని చీటీ మీద రాసిచ్చాను. చీటీ మడిచి డబ్బుల సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం వాన పెరిగి బేరాలు లేవు. పాత పోస్టుల్లో పనిచేయని లింకులు సరిచేశాను. సైట్లు మార్చినప్పుడల్లా పాత పేజీలు మాయమవుతాయి. ముఖ్యంగా పాత ప్రశ్నపత్రాలు. అలాంటివాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో వెతుకుతాను, అది 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఇవాళ ఏడు వెతికితే మూడు దొరికాయి. ఏ పేజీ ఏ రోజు ఎలా ఉందో తేదీతో సహా చూపిస్తుంది. ఆ తేదీ అంటే నాకు ప్రాణం. దానికి కారణం ఉంది.

మూడేళ్ల కిందట ఒక నోటిఫికేషన్ పెట్టాను. చివరి తేదీ రాశాను, సంవత్సరం రాయలేదు. నేనూ చూసుకోలేదు. ఉదయగిరి వైపు నుంచి ఒక అబ్బాయి బస్సులో వచ్చాడు. సర్టిఫికెట్లన్నీ పాలిథిన్ కవరులో, పైన రబ్బరు బ్యాండు రెండు చుట్లు. అప్లికేషన్ తెరుద్దామని సైట్లోకి వెళితే మొదటి పేజీ నెత్తినే ఉంది, అది అంతకు ముందు సంవత్సరంది. అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. "పర్లేదన్నా" అని కాగితాలు సర్దుకుని, రబ్బరు బ్యాండు మళ్లీ రెండు చుట్లు వేసుకున్నాడు. బస్సు చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ రోజు నుంచి నా ప్రతి పోస్టులో మొదటి మాట సంవత్సరమే.

2023లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఎన్ని గంటలకి ఇచ్చిందో కూడా రాశాను. తుపాను సమయంలో వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. కొత్తది రాగానే పాతది గ్రూపులోంచి తీసేసేవాణ్ణి. డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటేదాకా నిద్రపోలేదు. పీడీఎఫ్ పంపమని ఎందరడిగినా లింకే ఇవ్వడానికి కారణం కూడా ఇదే. గడువు పెంచినా, సవరణ వచ్చినా సైట్లో పేజీ మారుతుంది. ఫోన్లో దిగిన పీడీఎఫ్‌కి ఆ సంగతి తెలియదు. ఎవరో కష్టపడి రాసుకున్న మెటీరియల్ స్కాన్ చేసి పెట్టమని అడిగినా పెట్టను. దాని మీద కొందరికి నా మీద కోపం ఉంది, ఉండనీ.

పోయిన వేసవిలో వేటపాలెం వెళ్లినప్పుడు సారస్వత నికేతనం చూశాను. ప్రకాశం జిల్లాలో ఉండే మా అమ్మమ్మ వాళ్లకి అది వాళ్ల జిల్లాదే, 2022 నుంచి మాత్రం బాపట్ల జిల్లా. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేసిన భవనం. పాత పత్రికలని అంత జాగ్రత్తగా దాచినవాళ్ల మీద నాకు గౌరవం కలిగింది. ఆ పత్రికలు ఇన్నేళ్ల తర్వాత కూడా మాట్లాడుతున్నాయంటే నెత్తిన తేదీ, పేరు ఉండబట్టే. మన ఫోన్లలో తిరిగేవాటికి ముందు కత్తిరించేది ఆ రెండే.

తొమ్మిదింటికి షట్టరు దించుతుంటే అక్క కూతురు మెసేజి పెట్టింది. డిగ్రీ మొదటి సంవత్సరం, ఎప్పుడూ గ్రూపులో నోరు విప్పని పిల్ల. లాప్‌టాప్ మెసేజికి స్క్రీన్‌షాట్ తీసి, లింకు ఎవరూ నొక్కకుండా ఫొటోగానే పంపింది. అడ్డగీత చుట్టూ ఎర్ర సున్నా గీసింది. పైన రెండు లైన్లు: "2025 డిసెంబరు. ఇది ప్రభుత్వ సైట్ కాదు, జీఓవీ తర్వాత చుక్క లేదు, గీత ఉంది. ఆధార్ ఇవ్వొద్దు."

రేపు మొదటి పోస్టు అదే పెడతాను, నీ పేరు రాయనా అని అడిగాను. కాసేపు టైప్ చేస్తున్నట్టు కనపడింది, ఆగింది, మళ్లీ కనపడింది. తర్వాత మూడో లైను వచ్చింది.

"పట్టుకున్నది మా అమ్మ."

అది అట్టనే ఉంచి, ఏడింటికి సిద్ధం చేసి పెట్టుకున్నాను.